మంచుమీద అడుగు

తెలుగుదేశమున వసించువారికి గడ్డకట్టిన నీరు అంగడిలో కొనుక్కొను వస్తువు. వేసవిలో సోడాకొట్టు ముందు ఊకలో కప్పి, గోనెపట్ట చుట్టి ఉంచిన మంచుగడ్డ పెద్దవారందఱు ఎఱిగినదే. చేపలరేవులలో మంచును పొడిచేసి బుట్టలలోని చేపలపై కప్పుదురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగివంటి కొండయూళ్ళలో, చలి మిక్కుటమైన కొన్ని వేకువలలో, గడ్డిపఱకలపై మంచు తెల్లగా పేరుకొనుట కలదు. ఇంతకుమించి మంచుతో ఇచ్చటివారికి పరిచయము తక్కువ. కాలు జాఱుట మాత్రము అందఱికిని తెలిసినదే. పాచిపట్టిన బావిమెట్లమీదనో, తొలకరికి నానిన పొలముగట్టుమీదనో ఒక్కసారియైనను పడనివాడు పల్లెలలో అరుదు. అయితే పాచిమెట్టును దాటినచో గట్టినేల దొరకును. ఇంటిగడప మొదలు పనిచేయు చోటివఱకును, మఱల సాయంకాలము ఇల్లు చేరువఱకును, కాలు మోపిన ప్రతిచోటును పాచిమెట్టే అయినచో పనిపాటలు చేసికొనువాని బ్రతుకుతెరువు ఎట్లు సాగును?

కెనడా, అమెరికా ఉత్తరభాగము, స్కాట్లండు, ఫిన్లాండు, రష్యా, జపానునందలి హొక్కైడో ద్వీపము మొదలగు చోట్ల చలికాలమున కోట్లకొలది జనులకు ఇదియే స్థితి. మంచు పడినదని అచ్చట పనులు ఆగవు. తపాలాబంట్రోతు ఇంటింటికిని పోయి జాబులను ఈయవలెను. ఆసుపత్రిలో రాత్రిపాళి ముగించిన నర్సు వెలుగురాకముందే వీధిలోనికి రావలెను. లారీ నడుపువాడు బండి నిలిపిన ప్రతిచోటను ఎత్తైన మెట్టునుండి నేలకు దిగవలెను. బ్రతుకుతెరువునకై టొరాంటో, చికాగో వంటి నగరములకు పోయిన తెలుగువారును మొదటి చలికాలమున ఈ విద్యను క్రొత్తగా నేర్చుకొనవలసినవారే. హైదరాబాదులోనో విజయవాడలోనో కొనిన నున్నని తోలు అడుగుగల బూట్లు అక్కడి కాలిబాటమీద శత్రువులగును.

అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకశాఖవారి లెక్క ప్రకారము, 2014వ సంవత్సరమొక్కదానియందే, మంచు కారణముగా దెబ్బతినియో జబ్బుపడియో పనివాండ్రు ఒక దినమైనను పని మానవలసివచ్చిన సంఘటనలు 42,480. వానిలో 34,860 నిలిచిన నేలమీదనే పడుటవలన కలిగినవి. అనగా నిచ్చెననుండియో, ఇంటికప్పునుండియో పడుటవలన కాదు. ఎత్తునుండి పడుట ప్రమాదమని అందఱును ఒప్పుకొందురు. కావుననే ఎత్తున పనిచేయువారికి నడుమునకు త్రాళ్ళు కట్టుదురు. నేలమీద జాఱిపడినవానిని చూచినచో మాత్రము జనులు నవ్వుదురు. తఱువాత 'చూచుకొని నడువరాదా' అందురు. ఈ మాటలో న్యాయమెంత యున్నదో తెలిసికొనవలెనన్న, మంచుమీద అడుగు వేసినపుడు నిజముగా ఏమి జరుగుచున్నదో ముందుగా తెలియవలెను.

మంచు నునుపుగా ఉండుటచేత కాలు జాఱుననుట చాలదు. పొడిగా ఉన్న గాజుపలకయు, పాలిషు పట్టిన చలువఱాయియు మిక్కిలి నునుపైనవే. అయినను వానిమీద నడువవచ్చును. వానిమీద నీరు చిందినపుడే కాలు నిలువదు. ఇక మంచు గరుకుగా గడ్డకట్టినను జాఱుచునే యుండును. కావున మంచుమీద ఎక్కడనో ఒక నీటిపొర యుండి తీరవలెనని శాస్త్రజ్ఞులకు తోచినది. గడ్డకట్టు చలిలో ఆ నీరెక్కడిది? ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినది. దీనిపై పరిశోధనలు ఈ శతాబ్దియందును సాగినవి.

మంచునకు ఒక విచిత్రగుణము కలదు. దానిని గట్టిగా అదిమినచో సున్న డిగ్రీలకంటె తక్కువ ఉష్ణోగ్రతయందే కరగును. జేమ్సు థామ్సను అను శాస్త్రజ్ఞుడు 1849లో ఈ సంగతిని లెక్కకట్టి ఊహింపగా, అతని తమ్ముడును తఱువాతికాలమున కెల్విను ప్రభువని ప్రసిద్ధి కెక్కినవాడును అగు విలియం థామ్సను మఱుసటి యేట ప్రయోగము చేసి నిరూపించెను. మంచుమీద జాఱుటకు కాళ్ళకు ఇనుపపట్టీలు కట్టుకొనువారి విషయమున దీనిని అన్వయించి, పట్టీక్రింద ఒత్తిడివలన మంచు కరగి నీటిపొర ఏర్పడునని ఐర్లండు శాస్త్రజ్ఞుడు జాన్ జోలీ 1886లో చెప్పెను. ఈ వివరణము చక్కగా నుండుటచేత చాలకాలము పాఠ్యపుస్తకములలో నిలిచినది.

కాని ఎనిమిదవ తరగతి విద్యార్థియైనను లెక్కచేసి చూచినచో ఇందలి లోపము బయటపడును. మంచు కరగు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గవలెనన్న, చదరపు సెంటీమీటరుపై దాదాపు 140 కిలోల బరువు పడవలెను. అఱువది కిలోల మనిషి ఒంటికాలిమీద నిలిచినాడనుకొందము. అతని బూటు అడుగుభాగము నేలకు 150 చదరపు సెంటీమీటర్ల మేర తగిలినచో, చదరపు సెంటీమీటరునకు పడు బరువు అఱకిలోయైనను లేదు. దానివలన తగ్గునది డిగ్రీలో వేయింట మూడు పాళ్ళు మాత్రమే. సన్నని ఇనుపపట్టీకట్టి బరువంతయు మూడు చదరపు సెంటీమీటర్లమీద నిలిపినను, తగ్గుదల డిగ్రీలో ఏడవవంతునకు మించదు. సున్నకు పది, ఇరువది డిగ్రీలు క్రిందనున్న మంచుమీదను మనుష్యులు జాఱుచునే యున్నారు. కాబట్టి ఒత్తిడి చెప్పినంత పని చేయుటలేదు.

మైకేలు ఫారడే దీనిని వేఱుగా చూచెను. రెండు మంచుగడ్డలను కరగుచున్న స్థితిలో తాకించినచో అవి అంటుకొనిపోవును. ఇది మంచుగడ్డలను చేతబట్టిన ప్రతివాడును ఎఱిగిన సంగతియే. మంచుగడ్డ పైభాగమున ఎల్లప్పుడును సన్నని నీటిపొర యుండుననియు, రెండు గడ్డల నడుమ చిక్కినపుడు ఆ పొర గడ్డకట్టి వానిని అతుకుననియు ఫారడే 1850లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ప్రసంగించుచు చెప్పెను. నాటి పండితులు చాలమంది దీనిని అంగీకరింపలేదు. ఇరువదవ శతాబ్దిలో సూక్ష్మపరికరములు వచ్చిన తఱువాత ఫారడే ఊహ మూలమున సరియైనదని తేలినది. మంచులోపలి అణువులు నాలుగుదిక్కుల ఇరుగుపొరుగు అణువులచే పట్టువడి యుండును. పైవరుసలోనివానికి పైన ఇరుగుపొరుగు లేదు గనుక పట్టు సడలి కదలాడుచుండును. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు బౌడెను, హ్యూసు అనువారు 1939లో మఱియొక కారణమును కూడ చూపిరి. స్విట్జర్లండునందలి యుంగ్‌ఫ్రౌయోక్ కనుమవద్ద, సముద్రమట్టమునకు 3,400 మీటర్ల పైయెత్తున, మంచుగుహలో ప్రయోగములు చేసి, రాపిడివలన పుట్టు వేడియే మంచును కొంత కరగించునని వారు కనుగొనిరి. లోహపుపట్టీ ఆ వేడిని తనలోనికి లాగికొనును గనుక, కఱ్ఱపట్టీకంటె అది తక్కువగా జాఱినదట. మఱియొక మాట 2018లో ఆమ్‌స్టర్‌డాం, మైన్జు నగరముల శాస్త్రజ్ఞులు చెప్పినది: ఉక్కుగుండును మంచుమీద జరపి చూడగా, సున్నకు ఏడు డిగ్రీలు క్రిందనున్నపుడు రాపిడి అన్నిటికంటె తక్కువ, అంతకంటె చలి హెచ్చినకొలది పైవరుస అణువుల కదలిక మందగించి మంచు గరుకెక్కును, చలి తగ్గినచో మంచు మెత్తబడి గుండు దిగబడును.

ఇది ఉక్కుగుండు సంగతి. బూటు తొడిగిన కాలికి మాత్రము సున్న డిగ్రీల సమీపమున, మంచుపై కరగినీరు నిలిచియున్నపుడే గండము హెచ్చు. కరడుగట్టిన చలికంటె కొంచెము తెఱిపియిచ్చిన దినము మోసకారియని ఆ దేశపు పనివాండ్రు అనుభవమున ఎఱుగుదురు. పగలు ఎండకు కరగిన నీరు వీధిపల్లమున ప్రాకి, రాత్రి మఱల గడ్డకట్టును. అది పారదర్శకమగుటచేత క్రింది నల్లని తారురోడ్డే కనబడునుగాని, మంచు కనబడదు. దీనినే నల్లమంచు అందురు. తెల్లవారుజామున పనికి పోవువానికి ఎదురగునది ఇదియే. 'చూచుకొని నడువుము' అన్నవారు ఈ మంచును చూపగలరా?

ఒక్కొక్కప్పుడు వానయే మంచుగా మాఱును. పైనుండి నీరుగా దిగిన చినుకు, గడ్డకట్టు చలిలోనున్న నేలను తాకగానే గాజుపూతవలె అంటుకొనును. 1998 జనవరిలో కెనడా తూర్పుభాగమున దినముల తరబడి ఇట్టి వాన కురిసెను. దాని బరువునకు విద్యుత్తు తీగెలను మోయు ఉక్కుస్తంభములు వందలకొలది కూలినవి. లక్షలకొలది ఇండ్లు చీకటిపాలైనవి. సహాయమునకు సైన్యము దిగవలసివచ్చినది. ఆ తీగెలను అతికిన పనివాండ్రు అడుగడుగునను ఆ గాజుపూతమీదనే నిలిచి పనిచేసిరి.

ఇక నడక సంగతి. మనిషి నడచునపుడు ముందుకు చాచిన కాలి మడమ మొదట నేలను తాకును. ఆ క్షణమున మడమ ముందునకు దూసికొనిపోవ జూచును. నేల దానిని పట్టి నిలుపును. సాధారణమైన నడకలో ఈ పట్టు శరీరపు బరువులో సుమారు ఐదవవంతు ఉండవలెను. అఱువది కిలోల మనిషికి పండ్రెండు కిలోల పట్టు కావలెనన్నమాట. పొడినేల దీనికి మూడురెట్లయినను ఈయగలదు. తడిసిన మంచుమీద రబ్బరు అడుగునకు తఱచుగా ఇందులో సగమైనను దొరకదు. పట్టు దొరకనపుడు మడమ ముందునకు పోవును, మొండెము వెనుకకు పోవును. తెలివిగలవాడు, బలశాలి, జాగరూకుడు అను భేదములేక అందఱును వెల్లకిల పడుదురు. పడునపుడు చేయి తనంత తాను నేలకు ఆనును. అందువలన మణికట్టు విఱుగును. ముంజేతి ఎముక మణికట్టువద్ద ఇట్లు విఱుగు తీరును డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కోలెసు 1814లోనే వర్ణించెను. నేటికిని వైద్యులు దానిని అతని పేరిటనే పిలుతురు. తల నేలకు కొట్టుకొనుటయు, ముసలివారికి తుంటియెముక విఱుగుటయు ఇంతకంటె ఘోరమైనవి. కుమ్మరికిగాని, వ్రాయసకానికిగాని, నర్సుకుగాని మణికట్టు విఱిగినచో వారములకొలది పని యుండదు.

పట్టు తక్కువైనపుడు పట్టు అవసరమును తగ్గించుకొనుట ఒక ఉపాయము. అంగలు కుదించి, పాదమును చదునుగా మోపి, బరువును ముందుకాలిపైననే నిలిపి నడచినచో అడ్డముగా కావలసిన బలము తగ్గును. దీనినే పెంగ్విను నడక అందురు. దక్షిణధ్రువప్రాంతపు ఆ పక్షి ఇట్లే అటునిటు ఊగుచు పొట్టియడుగులు వేయును. చేతులు రెండును ఖాళీగా నుండవలెను. కాని పని యనగా చేతులు ఖాళీగా లేకుండుటయే గదా! సరుకుల పెట్టెను గుండెలకు ఆనించుకొనిన కూలికి తన పాదములే కనబడవు. గడియారము చూచుకొనుచు ఇంటింటికిని తిరుగువానికి పొట్టియడుగుల నడక కుదరదు. నడువనేర్చినంత మాత్రమున తీరునది కాదీ సమస్య. నేలను కూడ సరిచేయవలెను.

నేలను సరిచేయుటకు ముఖ్యసాధనము ఉప్పు. చేతితో త్రిప్పు పీపాలలో ఐస్‌క్రీము చేయువారు మంచుగడ్డల నడుమ ఉప్పు చల్లుదురు. అప్పుడు మంచు కరగి, ఆ ఉప్పునీరు సున్న డిగ్రీలకంటె చల్లబడి, పాలను గడ్డకట్టించును. వీధిలో జరుగునదియు ఇదియే. నీటిలో నూటికి పదిపాళ్ళు ఉప్పు కలిసినచో అది సున్నకు సుమారు ఆఱు డిగ్రీలు క్రిందికి దిగినగాని గడ్డకట్టదు. ఇరువదిమూడు పాళ్ళు కలిసినచో ఇరువదియొకటి డిగ్రీల క్రింది వఱకు ద్రవముగా నుండును. కాని నేలమీద అంత చిక్కని ద్రావణము నిలువదు. పది డిగ్రీల క్రింది చలిలో మామూలు ఉప్పు మందకొడిగా పనిచేయును. అప్పుడు కాల్షియం క్లోరైడు వాడుదురు. మంచు పడి గట్టిపడిన తఱువాతకంటె, పడకముందే చల్లిన ఉప్పు మేలు. నేలకును మంచునకును నడుమ అతుకు ఏర్పడకుండ చేయును. వేడినీరు పోయువారు మాత్రము కీడే చేయుచున్నారు. ఆ నీరు కొలదిసేపటికి నల్లమంచై కూర్చుండును. ఉప్పునకును దోషములు లేకపోలేదు. వంతెనల ఇనుమును తినివేయును. వసంతమున ఏఱులలోనికి, సరస్సులలోనికి పాఱి మంచినీటిని చెఱచును.

ఇసుక కరగింపదు, పాదమునకు పట్టుమాత్రమే ఇచ్చును. ఎంత చలిలోనైనను పనిచేయుట దాని గొప్ప. జపానునందు సప్పోరో నగరపు కథ ఈ సందర్భమున చెప్పదగినది. ఏటేట దాదాపు ఐదు మీటర్ల మంచు కురియు ఆ మహానగరమున పూర్వము కార్ల చక్రములకు ఇనుపమేకులు దిగగొట్టిన టైర్లు వాడెడివారు. ఆ మేకులు రోడ్డును గీఱి దుమ్ము లేపి గాలిని చెఱచుచున్నవని 1990లో ప్రభుత్వము వానిని నిషేధించుటకు చట్టము చేసెను. గాలి బాగుపడినది. కాని మేకులచే గరుకెక్కుచుండిన మంచు, ఇప్పుడు మెత్తని రబ్బరుచక్రముల క్రింద మాటిమాటికి నలిగి అద్దమువలె మెఱయసాగెను. దారిదాటు పాదచారులు జాఱిపడుట హెచ్చినది. ఒకరి ఊపిరికి చేసిన మేలు వేఱొకరి ఎముకకు కీడైనది! అందుచేత నగరమువారు వీధికూడళ్ళవద్ద ఇసుకపెట్టెలు ఉంచిరి. వానిలో చిన్నచిన్న సంచులలో ఇసుక యుండును. దారినపోవువాడెవడైనను ఒక సంచి తీసి, తన ముందును, తన వెనుక రాబోవువారికొఱకును చల్లిపోవచ్చును.

బూట్ల విషయమున చాలకాలము అమ్మువాని మాటయే ప్రమాణముగా నుండెను. టొరాంటో నగరపు పునరావాస పరిశోధనాసంస్థవారు దీనిని పరీక్షకు పెట్టిరి. వారివద్ద ఒక గది కలదు. దాని నేల నిజమైన మంచు. గదికి గదియే యంత్రములపై ఒరగగలదు. పైనుండి వ్రేలాడు పట్టీలతో నడుము కట్టుకొని, పరీక్షింపవలసిన బూట్లు తొడిగిన మనిషి అందులో ముందునకును వెనుకకును నడచును. అతడు జాఱువఱకు గదిని ఒక్కొక్క డిగ్రీ చొప్పున ఒరగింతురు. పట్టీలుండుటచేత జాఱినను పడడు. కనీసము ఏడు డిగ్రీల వాలుమీద నిలిచిన బూటునకే ఉత్తీర్ణత. 2016లో ఫలితములు ప్రకటించినపుడు, పరీక్షించిన 98 రకముల బూట్లలో ఉత్తీర్ణమైనవి 9 మాత్రమే. చలికాలపు బూట్లని పేరుపెట్టి అమ్ముచున్న వానిలో ఎక్కువభాగము వెచ్చదనము నిచ్చునవేగాని, పట్టు నిచ్చునవి కావని దీనివలన తెలిసినది. నెగ్గినవాని అడుగురబ్బరులో గరుకుకాగితము మీదివలె సన్నని గట్టిరవ్వలో, నారలో కలిపియున్నవి. కొనువాడు కంటితో చూచి ఈ భేదమును పోల్చుకొనుట కష్టము.

మంచు కనబడదు, నేల పట్టునీయదు, బూటు మోసగించును. ఇట్టిచోట పడిన పనివానికి ఎవరు పూచీ? ఈ ప్రశ్న బ్రిటనులో అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయినది. 2010 డిసెంబరు నెల ఆ దేశమున మిక్కిలి చలినెల. నూఱేండ్ల పైకాలమున అంత చలిగల డిసెంబరు లేదు. ఆ నెల 18వ తేదీ రాత్రి, గ్లాస్గో నగరమున ఇండ్లకు పోయి రోగులకు, వృద్ధులకు పరిచర్యచేయు ఒక ఉద్యోగిని, మరణశయ్యమీదనున్న ఒక వృద్ధురాలి ఇంటికి తోటి ఉద్యోగినితో కారులో పోయెను. కారు దిగి నడువవలసిన కాలిబాట పల్లమునకు వాలియున్నది. గడ్డమంచుమీద క్రొత్తమంచు పడి కప్పినది. ఉప్పుగాని, ఇసుకగాని చల్లినవారు లేరు. ఆమె మడమయెత్తులేని, అడుగున గీతలుగల బూట్లే తొడిగియుండెను. అయినను కొన్ని అడుగులు వేయగానే జాఱిపడెను, మణికట్టునకు గాయమైనది.

ఆమెకు ఉద్యోగమిచ్చిన సంస్థ, చలికాలమున తగిన పాదరక్షలు ధరింపుడని ఉద్యోగులకు బోధించియే యుండెను. ఏవి తగినవో చెప్పలేదు; ఏవియు ఈయలేదు. బూటుకు అడుగున తొడుగుకొనదగిన రబ్బరుపట్టీలు, లోహపుచుట్టలు అప్పటికే అంగళ్ళలో చౌకగా దొరకుచుండెను. ఎడింబరో న్యాయస్థానమున మొదట ఆమెకు అనుకూలముగా తీర్పు వచ్చినది. పైవిచారణలో అది కొట్టివేయబడినది. స్కాట్లండు చలికాలమున మంచుమీద నడుచుట అందఱికిని తప్పనిదే, యుక్తవయస్సు వచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదా అని ఆ న్యాయమూర్తుల భావము. ఇది వినుటకు సబబుగానే యుండును.

2016 ఫిబ్రవరి 10న బ్రిటను అత్యున్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా దీనిని త్రోసివేసి మొదటి తీర్పును నిలిపెను. ఆమె స్థితి తన పనిమీద తాను బయలుదేరిన సామాన్యుని స్థితి వంటిది కాదని న్యాయమూర్తులు ఎత్తిచూపిరి. సామాన్యుడు మంచు దట్టముగానున్ననాడు గడప దాటక ఇంటనే ఉండవచ్చును. ఆమెకు ఆ స్వాతంత్ర్యము లేదు. ఏ ఇంటికి పోవలెను, ఏ వేళకు పోవలెను అనునది యజమాని నిర్ణయించినది. మంచము పట్టిన వృద్ధురాలిని విడుచుట ఆమె ధర్మమును కాదు. పనినిబట్టి వచ్చిన ప్రమాదమును యజమాని ముందే తూచి, చేతనైన రక్షణమును కల్పింపవలెను. జాగ్రత్తగా నుండుమని చెప్పుట తేలిక. అన్నిటికంటె బలహీనమైన రక్షణమును అదియే. అమెరికాలోను పనిచోట నేల, బాటలు నిరపాయముగా నుంచవలెనని యజమానులపై పూర్వమునుండి విధి కలదు. 2016లో సవరించిన నియమములో తొలగింపవలసిన అపాయముల పట్టికయందు హిమము, మంచుగడ్డ అను మాటలను పేర్కొనిరి.

ఈ తొడుగుల వాడుకలో ఒక మెలకువ కలదు. వాని లోహపుచుట్టలు మంచులో దిగబడి పట్టునిచ్చునుగాని, ఇంటిలోపలి నున్నని ఱాతినేలమీదను, పెంకుపలకలమీదను అవియే జాఱుడుచక్రములగును. కావున పరిచర్యకు పోవువారు గుమ్మమువద్ద గోడను పట్టుకొని వానిని విప్పి సంచిలో వేసికొందురు. తిరిగి వచ్చునపుడు గడప దాటకముందే తొడుగుకొందురు. దినమునకు ఎన్ని ఇండ్లు తిరుగవలసియున్న అన్నిమారులు ఇట్లు విప్పుటయు, తొడుగుటయు తప్పదు. ఇంటింటను దీనికై పట్టు ఆ రెండు నిమిషములను యజమాని పనివేళలో చేర్చి లెక్కింపనిచో, ఆ తొడుగులు సంచిలోనే మిగిలిపోవును.